ఎండలో ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు నొక్కితే చాలు విరిగిపోతున్నాయి, వేడి వల్లా వెలుతురు వల్లా?

ప్రశ్న:
బట్టలారేసే తాడు మీద ప్లాస్టిక్ క్లిప్పులు ఏడాది పైగా అలాగే వదిలేశాం. నిన్న ఒకటి తీద్దామని అలా నొక్కానో లేదో పుటుక్కున విరిగి ముక్క చేతిలోకొచ్చింది, ఇంకోటి నొక్కా, అదీ అంతే. వేళ్ళకి సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లటి పొడి అంటుకుంది. అదే ప్యాకెట్లో మిగిలినవి లోపల డబ్బాలో ఉన్నాయి, వాటిని ఎంత నొక్కినా ఏం కావట్లేదు, నీలం రంగు కూడా నిగనిగలాడుతోంది. ప్లాస్టిక్ కరగాలంటే వంద డిగ్రీలు దాటాలి కదా, ఎండకి అంత వేడెక్కదు, మరి ఎందుకిలా పెళుసెక్కింది? పక్కనే నల్ల నీళ్ళ పైపు అంతకన్నా ముందునుంచీ ఎండలోనే పడుంది, దానికి చెక్కుచెదరలేదు. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
వేడి కాదండీ, ఎండలో కంటికి కనపడని అల్ట్రావయొలెట్ (యూవీ) కిరణాలు చేసే పని ఇది. ప్లాస్టిక్ అంటే చాలా పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి, ఆ చిక్కు ఉన్నంతకాలం వంచితే వంగుద్ది, లాగితే సాగుద్ది. 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ వెలుతురుకి ఉండే శక్తి మోల్‌కి (కణాలని లెక్కపెట్టే కొలత) దాదాపు 400 కిలోజౌళ్ళు, కార్బన్-కార్బన్ బంధం తెగడానికి 350 చాలు. గొలుసులు తెగి పొట్టివైపోతే ఇంక ఒకదాన్నొకటి పట్టుకోలేవు, అదే మీరు చూసిన పుటుక్కు.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే గానీ అసలు కీలకం వదిలేశారు. శక్తి ఉంటే సరిపోదండి, ఆ వెలుతురుని ప్లాస్టిక్ పీల్చుకోవాలి కదా. నేల దాకా వచ్చే యూవీ సుమారు 290 నుంచి 400 నానోమీటర్లు, స్వచ్ఛమైన పాలిథిన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ దాన్ని దాదాపు పీల్చుకోవు. తంటా అంతా అందులో ఉండే కాస్త మలినాలతోనే. కరిగించి అచ్చులో పోసేటప్పుడు ఆ వేడికే అక్కడక్కడా ఆక్సిజన్ తగులుకుని హైడ్రోపెరాక్సైడ్లు, కార్బొనిల్ గ్రూపులు తయారవుతాయి, వెలుతురుని పట్టేవి అవే. అక్కడ బంధం తెగి ఫ్రీ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్‌తో దేనితోనైనా కలిసిపోవాలని చూసే ముక్క) పుడుతుంది, అది గాల్లో ఆక్సిజన్‌తో కలిసి పక్క గొలుసు నుంచి హైడ్రోజన్ లాక్కుని మళ్ళీ హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది, అది వెలుతురుకి చీలితే ఈసారి రెండు రాడికల్స్. ఇట్లా పెరిగిపోతూ ఉంటుంది కాబట్టే చాన్నాళ్ళు ఏం కానట్టు కనిపించి ఆ తర్వాత గబగబా పాడవుద్ది.

క్లిప్పులు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. దాని గొలుసులో ఒకటి విడిచి ఒక కార్బన్‌కి మిథైల్ గ్రూపు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) వేలాడుతుంటుంది, ఆ కార్బన్ మీదున్న హైడ్రోజన్ తేలిగ్గా ఊడొస్తుంది, అందుకే పాలిథిన్ కన్నా ఇది ముందే పోతుంది. వేడికి సంబంధమే లేదనడం కూడా కరెక్టు కాదు. మొదలుపెట్టేది వెలుతురు, ఆ పైన జరిగేదాన్ని ఎగదోసేది వేడి.

జవాబు 3:
నల్ల పైపు సంగతి నేను చెప్తా. అందులో కార్బన్ బ్లాక్ అని చాలా సన్నటి మసి కలుపుతారు, పాలిథిన్ నీళ్ళ పైపుల్లో మామూలుగా 2 నుంచి 2.5 శాతం. పైపైనే వెలుతురంతా అది పీల్చేసుకుంటుంది, లోపలికి వెళ్ళనివ్వదు. రంగు ప్లాస్టిక్‌కి ఆ మసి వేయలేరు కాబట్టి హిండర్డ్ అమీన్ లైట్ స్టెబిలైజర్లు అని ఉంటాయి, రాడికల్స్‌ని పట్టి ఆపేస్తాయి, ఆపాక మళ్ళీ మొదటి రూపానికి వచ్చి ఇంకోదాన్ని పడతాయి, అందుకే చిటికెడు వేసినా చాలాకాలం కాపాడుతుంది. అది వేశారా లేదా అన్నది చూసి చెప్పలేం, అదే నాకు బాధ, రెండు క్లిప్పులు పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి.

మీ చేతికంటిన పొడి పైపొర చితికిపోయాక బయటపడిన ఫిల్లరు (ప్లాస్టిక్‌లో కలిపే ఖనిజప్పొడి), రంగు, ముక్కలైన ప్లాస్టిక్ కలిసినది. దయచేసి కింద దులపకండి, మైక్రోప్లాస్టిక్ పుట్టే దారుల్లో ఇదొకటి, తడిగుడ్డతో తుడిచి చెత్తలో వేయండి.

ఇంకోటి, ఈ డ్యామేజీ ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది, లోపలికి వెలుతురూ ఆక్సిజనూ రెండూ తక్కువే అందుతాయి. కావాలంటే విరగని క్లిప్పు కాడ ఒకటి తీసుకుని ఎండ తగిలిన వైపు బయటికి ఉండేట్టు వంచండి, ఇంకోదాన్ని అటు తిప్పి వంచి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చేసి చూశా. ఎండ తగిలిన వైపు బయటికి పెట్టి వంచితే సన్నటి బీటలు అడ్డంగా వరసగా లేచి టప్పున విరిగింది. ఎండ వైపు లోపలికి పెట్టి వంచితే చాలా దూరం వంగింది, విరగలేదు! విరిగిన చోట చూస్తే పైన పాలిపోయిన పొర గోరంత మందం కూడా లేదు, దాని కింద కొత్త క్లిప్పు రంగే ఉంది. అంత పల్చటి పొర మొత్తాన్ని విరగ్గొడుతుందా?

జవాబు 3:
ఆ పొర సాగలేదు కాబట్టి బీట అక్కడ మొదలవుద్ది, ఒకసారి మొదలైతే లాగుడంతా ఆ బీట కొన దగ్గరే పడి కింద బాగున్న ప్లాస్టిక్‌లోకి కూడా దూసుకుపోతుంది. లోపలి వైపు పెట్టినప్పుడు ఆ పొర నొక్కుకుపోయింది గానీ సాగలేదు, అందుకే బీట తెరుచుకోలేదు.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది, చాలా థాంక్సండీ. డబ్బాలో ఉన్నవి కిటికీ అద్దం వెనకాల పెడితే పర్లేదా?

జవాబు 2:
మామూలు అద్దం యూవీ-బిని (పొట్టి తరంగాల యూవీ) చాలావరకు ఆపుతుంది గానీ యూవీ-ఎ (పొడుగు తరంగాలది) బాగానే దాటొస్తుంది. మెల్లగా అయినా పాడవుతాయి, మూతున్న డబ్బాలోనే ఉంచండి.