తాత ట్రంకు పెట్టెలో పట్టాల మీద పెట్టే డిటొనేటర్లు దొరికాయి, ఏం చేయాలి?

మానుకోట_పిల్ల:

అందరికీ నమస్కారం. మా తాత రైల్వేలో కీమన్‌గా, అంటే రోజూ పట్టాల వెంట నడిచి చూసుకునే మనిషిగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయి పదకొండేళ్లు. మొన్న పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద ఆయన ట్రంకు పెట్టె కనిపించింది. లోపల ఖాకీ చొక్కా, మడతపెట్టిన ఎర్ర జెండా, జీతం చీటీలు, వాటి కింద ఒక రేకు డబ్బా ఉన్నాయి. డబ్బా మూత తీస్తే బూట్ పాలిష్ డబ్బీ కంటే కాస్త చిన్నగా, గుండ్రటి బిళ్లలు ఏడు. ఒక్కోదానికి రెండు పక్కలా చేత్తో వంచితే వంగే మెత్తటి పట్టీలు. పైన ఏవో ఇంగ్లీషు అక్షరాలున్నాయి కానీ తుప్పు పట్టి చదవడానికి రావట్లేదు. ఒకదాని అంచు నుంచి నల్లటి పొడి రాలి డబ్బా అడుగున పడి ఉంది.

ఇవి పట్టాల మీద పెట్టే పటాకాలని నాన్న అంటున్నారు. మా తమ్ముడేమో ఒకటి రాయి మీద పెట్టి సుత్తితో కొట్టి చూద్దామంటున్నాడు. నేను డబ్బా లాక్కుని బీరువా మీద పెట్టాను. ఇంత పాతవి ఇంకా పేలతాయా? ఎవరికి ఇవ్వాలి? నాయనమ్మ మాత్రం "అవి మీ తాతవి, ఎవ్వరికీ ఇయ్యొద్దు" అంటోంది.

పాత_కీమన్:

బిడ్డా, ముందు ఈ నాలుగు మాటలు చదివి ఆ పని చేయి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

డబ్బా ఇంకోసారి తెరవొద్దు. ఎక్కడుందో అక్కడే ఉండనివ్వు. ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకు. పొయ్యి, అగరుబత్తి, బీడీ ఏదీ దగ్గర్లో వద్దు. రాలిన పొడిని గుడ్డతో తుడవొద్దు. తమ్ముణ్ని సుత్తి అక్కడ పెట్టెయ్యమను. 112కి ఫోన్ చేసి "పాత రైల్వే డిటొనేటర్లు ఏడు, ఒకదాన్నుంచి మందు రాలుతోంది" అని ఈ మాటల్లోనే చెప్పు. రైల్వే వాళ్లకు చెప్పాలంటే 139. మీరే సంచిలో వేసుకుని స్టేషన్‌కు మాత్రం తీసుకెళ్లకండి. బండి మీదా వద్దు, ఆటోలోనూ వద్దు.

ఇక నువ్వడిగింది. మీ నాన్నగారు చెప్పింది నిజమే. రూల్ పుస్తకంలో డిటొనేటర్, ఫాగ్ సిగ్నల్ అని రెండు పేర్లూ ఉంటాయి, మా స్టాఫ్ నోట్లో మాత్రం పటాకానే. లోపల మందు, దాన్ని అంటించే చిన్న క్యాప్‌లు ఉంటాయి. ఇంజను చక్రం ఎక్కితే నలిగి, డ్రైవరు చెవిన పడేంత గట్టిగా పేలుతుంది. ఆ దెబ్బ చక్రానిదా సుత్తిదా అన్నది దానికి తెలియదు. పేలినప్పుడు రేకు ముక్కలు చెదిరి ఎగురుతాయి కాబట్టే పట్టా మీద పెట్టిన మనిషి 45 మీటర్లు అవతలికి జరిగి నిలబడాలి. అలాంటిదాన్ని రాయి మీద పెట్టి, మొహం దగ్గర పెట్టుకుని కొడితే వేళ్లు, కళ్లు రెండూ పోతాయి. ఒక్కోదాని మీద తయారైన సంవత్సరం ఉంటుంది. గడువు దాటినవాటిని లెక్క చూసి వెనక్కి తీసుకుంటారు. మీ దగ్గరున్నవి ఆ గడువు ఎప్పుడో దాటినవి. పాతబడితే పేలవేమోనని నమ్మడానికి లేదు. పాతబడి మందు రాలేదాన్నే ఎక్కువ అనుమానించాలి.

ఫోన్ చేశాక ఒక్క మాట ఇక్కడ రాయి. అప్పటిదాకా నాకు నిద్ర పట్టదు.

మానుకోట_పిల్ల:

ఫోన్ చేశాను సార్. పొద్దున వస్తామన్నారు, రాత్రికి ఆ గదికి తాళం వేయమన్నారు. వేశాం. తమ్ముడికి మీరు రాసింది చదివి వినిపించాను, ఏం మాట్లాడలేదు.

ఇంకో సంగతి అడగాలి. నాయనమ్మ ఇవ్వొద్దు అంటోంది మమకారంతో అనుకున్నాను. గట్టిగా అడిగితే ఏడ్చింది. "ఆయన దొంగతనంగా తెచ్చుకున్నడని అంటరు" అని ఆమె భయం. తాత ఇవి ఇంట్లో ఎందుకు పెట్టుకున్నట్టు? అసలు కీమన్‌కు ఇవి ఎందుకు ఇస్తారు?

పాత_కీమన్:

మీ నాయనమ్మగారిని ఏడవొద్దని చెప్పమ్మా. నేను ముప్పై రెండేళ్లు చేశాను, మొదట పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా, తర్వాత కీమన్‌గా. కీమన్ దగ్గర ఉండాల్సిన సామాన్లలో రెండు ఎర్ర జెండాలు, ఒక పచ్చ జెండా, స్పానరు, కీ కొట్టే సుత్తి, రేకు డబ్బాలో పది డిటొనేటర్లు ఉంటాయి. తెల్లవారకముందే బీట్, అంటే మేం నడిచి చూడాల్సిన లైను, మొదలుపెట్టాలి కాబట్టి మాలో చాలామంది సామాన్లు ఇంటి దగ్గరే ఉంచుకుని అక్కణ్నుంచే లైను మీదికి పోయేవాళ్లం. రిటైరయ్యేటప్పుడు తిరిగి అప్పజెప్పాలి. ఆయన ఎందుకు అప్పజెప్పలేదో నేను చెప్పలేను. కానీ డబ్బా ఇంట్లో ఉందంటే దొంగతనం అనుకునే రైల్వే మనిషి ఎవడూ ఉండడు.

ఎందుకు ఇస్తారంటావా? నాకు జరిగింది చెప్తాను.

1990ల మధ్యలో ఒక డిసెంబరు. చలికి పట్టా ముడుచుకుంటుంది. ఎక్కడైనా వెల్డు బలహీనంగా ఉంటే తెల్లవారుజామున అక్కడ తెగుతుంది. ఆ రోజు నా బీట్‌లో అలాగే తెగింది. నడుస్తూ చూస్తే మామూలు పట్టాలాగే ఉంది. ఒకచోట నల్లటి గీతలాంటిది కనిపించి వంగి చూశాను. వేళ్లు పెడితే మూడు వేళ్లు పక్కపక్కన దిగాయి.

చుట్టూ ఒక్క మనిషి లేడు, సెల్‌ఫోన్లు లేని రోజులు. నేను కొత్తగా చేరినప్పుడు మా మేస్త్రీ పదే పదే చెప్పేవాడు: "పగులు దగ్గర నిలబడి చేతులూపితే బండి ఆగదురా, బండికి ఎదురు పో." వేగంలో ఉన్న బండి బ్రేకు వేసిన చోట ఆగదు, దాదాపు కిలోమీటరు సాగుతుంది. అందుకే బ్రాడ్‌గేజ్‌లో 600 మీటర్ల దగ్గర లైనుకు అడ్డంగా ఎర్ర బ్యానర్ జెండా, 1200 మీటర్ల దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు డిటొనేటర్లు పెట్టాలి. ఒకటి తడిసి పేలకపోయినా ఇంకో రెండుంటాయి.

ఒక జెండా పగులు దగ్గరే పాతి, రెండోది పట్టుకుని పరుగెత్తాను. మెయిన్ లైనులో పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్ దిమ్మెలు కిలోమీటరుకు 1660. 1200 మీటర్లంటే దాదాపు 2000. ఆ మంచులో స్లీపర్లన్నీ తడి, పక్కన కంకర. కాలు మడత పడితే అక్కడితో అయిపోయినట్టే. కరెంటు స్తంభాల మీది నంబర్లు చూసుకుంటూ పోయాను.

డిటొనేటర్ బిగించడం చెప్పుకుంటే చిన్న పనే. అక్షరాలున్న వైపు పైకి ఉండాలి. పట్టా తల మీద కూర్చోబెట్టి రెండు పట్టీలూ తల కిందికి వంచాలి. వదులుగా వదిలేస్తే అదురుకు జారిపోతుంది. నాకు వేళ్లు కొయ్యబారిపోయి మొదటిదాని పట్టీ వంగలేదు. వేళ్లు నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ కాసేపు ఎంతసేపో నాకిప్పటికీ తెలియదు. తర్వాత వంగింది. రెండోది, మూడోది బిగించేసరికి పట్టాలో సన్నగా గుయ్యిమని చప్పుడు మొదలైంది. లేచి, పక్కకు జరిగి, జెండా పట్టుకుని నిలబడ్డాను.

గూడ్సు బండి. మంచులో నా జెండా అతనికి ఎప్పుడు కనిపించిందో తెలియదు కానీ మూడు దెబ్బలు మాత్రం వినపడ్డాయి. సెకను పట్టిందో లేదో, ఠాం ఠాం ఠాం అని. ఆ తర్వాత బ్రేకుల కీచు. బండి నన్ను దాటి చాలా దూరం పోయింది, పగులుకు నాలుగు స్తంభాల ఇవతల ఆగింది. డ్రైవరు దిగి వచ్చి అడిగిన మొదటి మాట "గ్యాప్ ఎంత?" నేను మూడు వేళ్లు చూపించాను.

గూడ్స్_ఎల్పీ:

అన్నగారి పోస్టు చదివి ఇంజన్లో వినపడేది ఎలా ఉంటుందో రాయాలనిపించింది. నేను లోకో పైలట్‌ని. మొదటి ఆరేళ్లు యూపీలో గూడ్సు నడిపాను. అక్కడ జనవరి పొగమంచులో అద్దం బయట తెల్లటి గోడ తప్ప ఇంకేమీ ఉండదు. సిగ్నల్ దగ్గరపడిందని మనకు చెప్పడానికి సిగ్నల్‌కు 270 మీటర్ల ముందు పది మీటర్ల ఎడంలో రెండు డిటొనేటర్లు పెడతారు. పక్కనే ఫాగ్ సిగ్నల్‌మన్ చిన్న మంట వేసుకుని రాత్రంతా కూర్చుంటాడు. 60 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు దెబ్బలకు మధ్య సగం సెకను కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. కాలి కింద నుంచి వస్తుంది ఆ చప్పుడు. వినగానే చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతుంది, కళ్లు సిగ్నల్‌ను వెతుకుతాయి. కొన్నిచోట్ల పట్టాలకు అడ్డంగా సున్నం గీతలు కూడా గీస్తారు, కిందికి చూస్తూ గుర్తుపట్టడానికి.

ఇప్పుడు మాకు జీపీఎస్‌తో పనిచేసే ఫాగ్ పాస్ డివైస్ ఇస్తున్నారు. రాబోయే సిగ్నల్ పేరు, దూరం ముందే చెబుతుంది. టెన్షన్ చాలా తగ్గింది. కవచ్ కూడా వస్తోంది. 2022 మార్చి 4న మన వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్యే దాన్ని రైల్వే మంత్రి ఇంజన్లో కూర్చుని పరీక్షించారు. ఎర్ర సిగ్నల్ దాటబోతే బండిని అదే ఆపుతుంది.

అయినా గార్డు పెట్టెలో, ఇంజన్లో, కీమన్ సంచిలో డిటొనేటర్లు ఇంకా ఉన్నాయి. బండి మధ్యలో ఆగిపోయి రక్షణ పెట్టాల్సి వస్తే ఇవాళ్టికీ 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర మూడు. 2024 సెప్టెంబర్ 1న మీ మానుకోట (మహబూబాబాద్) జిల్లాలోనే ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు అందరం చూశాం. పట్టా తెగకుండా కింద కంకర మాత్రమే పోతే పట్టాల్లో కరెంటు పారించి లైను కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్‌కు తేడా తెలియకపోవచ్చు, సిగ్నల్ పచ్చగానే ఉండొచ్చు. అది చూడగలిగేది నడిచే మనిషే. కనిపించాక మనల్ని ఆపడానికి అతని దగ్గర కరెంటు, వైరు, టవరు ఏవీ అక్కర్లేనిది ఒకటి ఉండాలి.

ఈ బిళ్లను 1841లో ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ కౌపర్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు కనిపెట్టాడని ట్రైనింగ్ స్కూల్లో చెప్పారు. పని చేసే తీరు ఇప్పటికీ అదే.

పాత_కీమన్:

లోకో పైలట్ తమ్ముడు వరద మాట ఎత్తాడు కాబట్టి చెప్తున్నాను. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర చెరువు తెగిన నీళ్లకు చిన్న వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. వందమందికి పైగా పోయారు. ఆ వార్త విన్న రోజు నేను డ్యూటీకి పోతూ డబ్బా తెరిచి పదీ లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ప్రతి రోజూ లెక్కపెట్టాను.

బిడ్డా, మీ డబ్బాలో ఏడు ఉన్నాయన్నావు కదా. పది ఉండాల్సిన చోట మూడు లేవు. వాడితే పుస్తకంలో రాసి కొత్తవి తెచ్చుకోవాలి. పాతవి పరీక్షకు తీసుకుని ఉండొచ్చు కూడా. కాబట్టి ఇదే జరిగిందని నేను అనను. కానీ కీమన్ ఒక్కసారికి వాడే లెక్క మూడే. మీ నాయనమ్మగారిని ఒకసారి అడిగి చూడు, ఆయన ఎప్పుడైనా ఏమైనా చెప్పారేమో.

మానుకోట_పిల్ల:

పొద్దున పోలీసులు, రైల్వే వాళ్లు ఇద్దరు కలిసి వచ్చారు. డబ్బాను ఇసుక ఉన్న పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్లారు. కాగితం మీద నాన్నతో సంతకం పెట్టించుకున్నారు, అంతే. ఎవరూ ఒక్క మాట అనలేదు. వచ్చినవాళ్లలో పెద్దాయన నాయనమ్మకు నమస్కారం పెట్టి "ఏ గ్యాంగ్ అమ్మా?" అని అడిగాడు. నాయనమ్మ నంబరు చెప్పింది. అన్నేళ్లయినా ఆమెకు ఆ నంబరు గుర్తుంది, మాకెవరికీ తెలియదు.

మీరు రాసినట్టే అడిగాను సార్. చాలాసేపు ఆలోచించింది. తాత ఏదీ చెప్పే మనిషి కాదట. ఒక వానాకాలం పొద్దున మాత్రం మోకాళ్ల దాకా బురదతో వచ్చి, అన్నం వద్దని, చేతులు ఆమెకు చూపించి "ఇవి ఎందుకిట్ల వణుకుతున్నయో చూడు" అన్నాడట. జ్వరమనుకుని మిరియాల కషాయం కాచి ఇచ్చానని చెప్పింది.

జెండా మా దగ్గరే ఉంది. నాయనమ్మ దాన్ని ఉతికి ఆరేసింది.