లేక్ కోల్డెన్ లీన్‌టూలో ఒక రాత్రి: టెంట్ మోయాలా, వద్దా?

న్యూజెర్సీ నుంచి ముగ్గురం సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్స్ కొండలకి వెళ్తున్నాం. అడిరాండాక్ లాడ్జ్ దగ్గర కారు పెట్టి, మార్సీ డ్యామ్, అవలాంచ్ పాస్ మీదుగా లేక్ కోల్డెన్ చేరి, రాత్రికి లీన్‌టూలో (నడిచేవాళ్లు పడుకునే దుంగల షెడ్డు) పడుకుందామని ప్లాను. లీన్‌టూలు ఉండగా టెంట్ బరువెందుకంటాడు మా బావమరిది. బుకింగ్ పేజీ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు 1
బుకింగే లేదండీ, పేజీ ఎక్కడ దొరుకుతుంది! ముందు చేరినవాళ్లదే చోటు. అలాగని మొత్తం మనదే అనడానికీ లేదు, మామూలుగా 8 మంది నిండేదాకా వచ్చినవాళ్లకి జరిగి చోటివ్వాలి. మేం పొద్దుగూకాక చేరాం. చూసిన రెండూ నిండిపోయాయి. టెంట్ ఉంది కాబట్టి సరిపోయింది. మర్నాడు ఒకటి ఖాళీ అయితే అందులోకి మారాం. గది అనుకునేరు, మూడు వైపులా దుంగల గోడ, నాలుగో వైపు బార్లా తెరిచే ఉంటుంది. లోపల టెంట్ వేయనివ్వరు. ఎలుకలైతే రాత్రంతా తలగడ పక్కనే తిరిగాయి, పొద్దున చూస్తే నా టోపీ అంచు కొరికేసి ఉంది.

ఏప్రిల్ 1 నుంచి నవంబరు 30 దాకా బేర్ కానిస్టర్ (ఎలుగులు తెరవలేని గట్టి డబ్బా) తప్పనిసరి. తిండే కాదు, టూత్‌పేస్టూ అందులోనే. నేను ఆవకాయ సీసా కూడా అందులో కుక్కాను. మూత వదులై నూనె కారింది. రెండు పూటలు ఆవకాయ ఓట్స్ తిన్నాం, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. కానిస్టరైనా మూత పూర్తిగా బిగించండి. ఎల్లో-ఎల్లో అని, రెండు చెవులకీ పసుపు ట్యాగులున్న ఆడ ఎలుగు ఒకటి ఆ మూతలు తీయడం నేర్చేసుకుంది. 2012లో వేటలో చచ్చింది కానీ, తెలివి దానొక్కదాని సొత్తా?

జవాబు 2
మైళ్లు చూసి టైం లెక్కేయకండి. అవలాంచ్ లేక్ ఒడ్డంతా బండలూ నిచ్చెనలే. ఒకచోట నిటారు కొండకి బిగించిన చెక్కబాట మీద, కింద నీళ్లు చూసుకుంటూ నడవాలి. దాని పేరు హిచ్-అప్ మటిల్డాస్. 1868లో బిల్ నై అనే గైడు మటిల్డా అనే ఆవిడని భుజాలమీద ఎక్కించుకుని ఆ నీళ్లలో దాటిస్తుంటే, తడవకుండా పైకి జరగమని ఇంట్లోవాళ్లు "హిచ్ అప్, మటిల్డా" అని అరిచారట.

అడిగినవారు
థాంక్సండీ. టెంట్ బావమరిదే మోస్తాడు. రాత్రి చలిమంట వేసుకోవచ్చా?

జవాబు 1
లేక్ కోల్డెన్ ఉన్న ఈస్టర్న్ హై పీక్స్ ప్రాంతంలో మంట నిషేధం. గ్యాస్ స్టవ్, మందపాటి స్వెటరు పట్టుకెళ్లండి. ఆవకాయ మాత్రం జిప్‌లాక్‌లో.