1600 మీటర్లలో మూడో రౌండ్‌కే దమ్ము అయిపోతోంది, రక్తనాళాలకు ట్రైనింగ్ ఉంటుందా?

నల్గొండ కుర్రోడు:
అన్నలూ, రాత్రి నుంచి వీడియోలు చూస్తూనే ఉన్నా. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు, తల వేడెక్కిపోయింది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. 1600 మీటర్లు 7:15 లోపు రావాలి. నాది 7:50 దగ్గర ఆగిపోయింది. అంతకుముందు 7:30 దాకా వచ్చినవాణ్ణే, ఈ మధ్య ఎందుకో వెనక్కి పోతున్నా. మూడో రౌండ్‌కి వచ్చేసరికి తొడలు బిగుసుకుపోయి కాళ్ళు లేవట్లేదు. ఫినిష్ లైన్ దగ్గర ఆగగానే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. రోజూ రెండు పూటలా ఫుల్ స్పీడ్‌లోనే కొడుతున్నా, అయినా ఇంతే. మా గ్రౌండ్‌లో ఒక సీనియర్ చెప్పింది ఏంటంటే, నా రక్తనాళాలు ఇంకా తెరుచుకోలేదట, జిమ్ చేసేవాళ్ళు వాడే పంప్ పౌడర్ తాగితే తెరుచుకుంటాయట. డబ్బా రెండు వేల పైనే. రక్తనాళాలను నిజంగా ట్రైన్ చేయొచ్చా? చేస్తే ఎలా? డైరెక్ట్‌గా చెప్పండి ప్లీజ్. బాగా తిను, బాగా పడుకో అని మాత్రం అనొద్దు.

ట్రాక్ మాస్టారు:
వయసు, బరువు, రౌండ్ రౌండ్‌కి టైమ్. ఇవి లేకుండా ఏం చెప్తాం.

బీట్‌రూట్ భాస్కర్:
తమ్ముడూ, పౌడర్ వద్దు, బీట్‌రూట్ జ్యూస్ మొదలుపెట్టు. అందులో నైట్రేట్ ఉంటుంది. నాలుక మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఒంట్లోకి వెళ్ళాక అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. రక్తనాళాలను వదులు చేసేది అదే. దాని మీద చేసిన పరిశోధనకే 1998లో నోబెల్ ఇచ్చారు. పరుగుకి రెండు మూడు గంటల ముందు తాగాలి. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ రోజు యాంటీసెప్టిక్ మౌత్‌వాష్ వాడకు. నోట్లో బ్యాక్టీరియా చచ్చిపోతే జ్యూస్ తాగినా ఫలితం ఉండదు. పైగా బీట్‌రూట్‌తో రక్తం కూడా పడుతుంది.

ఫిజియో కరీంనగర్:
బ్రదర్, నీ ప్రశ్నకి సూటిగా జవాబు: అవును, రక్తనాళాలను ట్రైన్ చేయొచ్చు. కానీ నువ్వు చేస్తున్న పద్ధతిలో కాదు. కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదువు.

ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో కండరాలకు వెళ్ళేది 15 నుంచి 20 శాతమే. ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తేటప్పుడు మామూలు కుర్రాడి గుండె 20 లీటర్ల దాకా పంపుతుంది, అందులో 80 శాతం పైగా కండరాలకే పోతుంది. అంటే పెద్ద రక్తనాళాలు తెరుచుకోవడం అనేది నువ్వు పరుగు మొదలుపెట్టగానే దానంతట అదే జరుగుతుంది. పౌడర్ అక్కర్లేదు.

ట్రైనింగ్‌తో నిజంగా మారేవి మూడు. మొదటిది ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం. క్రమంగా పరిగెత్తితే రెండు వారాల్లోపే పెరుగుతుంది. దాంతో గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది. రెండోది రక్తనాళం లోపలి పొర. రక్తం వేగంగా ఆ పొరను రాసుకుంటూ పోయినప్పుడు అదే నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. వారాల తరబడి పరిగెత్తే కొద్దీ ఆ పొర ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. మూడోది, అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చేది, కేశనాళికలు. వీటి లోపలి వెడల్పు ఎర్రరక్తకణం అంతే ఉంటుంది, కణాలు ఒకదాని వెనక ఒకటిగా ఒదిగి పోవాల్సిందే. ఆక్సిజన్ కండరంలోకి దిగేది అక్కడే. ట్రైనింగ్‌తో ఒక్కో కండర పోగు చుట్టూ కొత్త కేశనాళికలు పుడతాయి. దారులు పెరిగితే రక్తం ఒక్కో దారిలో నెమ్మదిగా కదులుతుంది, ఆక్సిజన్ దిగడానికి టైమ్ దొరుకుతుంది. 1977లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనిమిది వారాల సైకిల్ ట్రైనింగ్‌తో తొడ కండరంలో కేశనాళికలు సుమారు 20 శాతం పెరిగాయి. ఎనిమిది వారాలు, గుర్తుపెట్టుకో. ఎనిమిది రోజులు కాదు.

దీనికి కావాల్సింది ఎక్కువసేపు, నిదానంగా పరుగు. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నిదానంగా, 40 నిమిషాలు. గుండె వేగాన్ని బట్టి కష్టాన్ని జోన్లుగా విడగొడతారు, ఇలాంటి పరుగుని జోన్ 2 అంటారు.

ఇక ఆగగానే కళ్ళు తిరగడం గురించి. పరిగెత్తేటప్పుడు పిక్కలు బిగుసుకుంటూ వదులవుతూ సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంటాయి. నువ్వు ఠక్కున నిలబడిపోతే ఆ తోపు ఆగిపోతుంది, రక్తం కాళ్ళలోనే ఉండిపోతుంది, తలకు తగ్గుతుంది. ఫినిష్ తర్వాత ఐదు నిమిషాలు నడువు. పరిగెత్తుతూ ఉండగానే కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం పరుగు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఈసీజీ తీయించుకో.

నల్గొండ కుర్రోడు:
థ్యాంక్స్ అన్నా, క్లియర్‌గా చెప్పారు. పరిగెత్తుతున్నప్పుడు కళ్ళు తిరగట్లేదు, ఆగాకే. మాస్టారు అడిగినవి: 22 ఏళ్ళు, 64 కిలోలు. నిన్నటి రౌండ్లు 1:32, 1:58, 2:08, 2:12.

ట్రాక్ మాస్టారు:
ఇదే సమస్య. 7:15 రావాలంటే ఒక్కో రౌండ్ 1:48. నువ్వు మొదటి రౌండ్ 16 సెకన్లు ముందు కొట్టావు. దానికి మిగతా మూడు రౌండ్లలో వడ్డీతో కట్టావు. రేపు మొదటి రౌండ్ 1:50 కొట్టు, అందరూ నిన్ను దాటిపోనీ. మూడో రౌండ్‌లో వాళ్ళే నీకు దొరుకుతారు.

హైదరాబాద్ సైక్లిస్ట్:
ఫిజియో గారూ, చిన్న అభ్యంతరం. జోన్ 2 అని రాశారు, ఏ లెక్కలో? ఐదు జోన్ల పద్ధతిలో జోన్ 2 అంటే మాట్లాడుతూ చేసేది. మూడు జోన్ల పద్ధతిలో అదే ప్రయత్నం జోన్ 1లోకి వస్తుంది, అక్కడ జోన్ 2 అంటే మాటలు తెగిపోయేంత కష్టం. కొత్తవాళ్ళు ఈ తేడా తెలియక రోజూ మధ్యస్థంగా కష్టపడుతూ అలసిపోతున్నారు. మా గ్రూపులోనే చాలామందిని చూశా.

ఫిజియో కరీంనగర్:
ఐదు జోన్ల లెక్కే. మాట్లాడగలిగేంత అని రాశాను కదండీ.

హైదరాబాద్ సైక్లిస్ట్:
రాశారు, కాదనను. కానీ చదివేవాళ్ళు వాచీలో కనపడే జోన్ నంబర్ పట్టుకుంటారు. ఆ వాచీలు చాలావరకు గుండె గరిష్ఠ వేగాన్ని 220లోంచి వయసు తీసేసి లెక్కకడతాయి. అది సగటు లెక్క, ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. నంబర్లు వదిలేసి మాట టెస్ట్ ఒక్కటే చెప్తే మంచిదని నా అభిప్రాయం.

ట్రాక్ మాస్టారు:
ఈ అబ్బాయి దగ్గర వాచీ ఉందో లేదో కూడా మనకు తెలియదు.

నల్గొండ కుర్రోడు:
లేదు మాస్టారూ, ఫోన్‌లో స్టాప్‌వాచ్ అంతే. నా డౌట్ ఒకటే. మొదటి రౌండ్ ఇదివరకు కూడా ఇలాగే కొట్టేవాణ్ణి, అప్పుడు 7:30 వచ్చేది. ఇప్పుడెందుకు రావట్లేదు?

ల్యాబ్ అక్క:
బాబూ, హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూపించుకున్నావా?

నల్గొండ కుర్రోడు:
సెపరేట్‌గా ఎప్పుడూ చేయించలేదక్కా. మొన్న క్యాంపులో రక్తం ఇచ్చినప్పుడు చూశారు, బానే ఉందన్నారు.

ల్యాబ్ అక్క:
రక్తం ఇచ్చావా? ఎప్పుడు? ఎంత తీసుకున్నారు?

నల్గొండ కుర్రోడు:
దసరా అయ్యాక. నెల కాలేదు. 350 అన్నారు. ఆ రోజు సాయంత్రమే మామూలుగా తిరిగాను, నీరసం ఏం లేదు. దానికీ దీనికీ ఏం సంబంధం?

ల్యాబ్ అక్క:
సంబంధం చాలా ఉంది. 350 మిల్లీలీటర్లలో పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తుంది, అందుకే నీకు నీరసం తెలియలేదు. ఎర్రరక్తకణాలు అలా రావు. పూర్తిగా నిండడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఐరన్ నిల్వలు తక్కువ ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే మగవాళ్ళు మళ్ళీ రక్తం ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలని రూలు.

లెక్క చూడు. ఆ ఎర్రరక్తకణాల్లో ఉండేదే హిమోగ్లోబిన్, ఒక గ్రాము సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 15 గ్రాములు ఉంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్. 14కి తగ్గితే 19 కూడా ఉండదు. ఇంట్లో, ఆఫీసులో ఆ ఒక్క గ్రాము తేడా తెలియదు. గుండె, ఊపిరితిత్తులు పూర్తి బలంతో పనిచేసే మూడో రౌండ్‌లో తెలుస్తుంది. నీ రక్తనాళాలు ఎంత తెరుచుకున్నా వాటిలో పారే సరుకు తగ్గింది. దగ్గర్లో ఏదైనా ల్యాబ్‌లో సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క చెప్పే టెస్ట్), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చెప్పే టెస్ట్) రెండూ చేయించు. ఐరన్ మాత్రలు మాత్రం రిపోర్ట్ డాక్టర్‌కి చూపించాకే.

బీట్‌రూట్ భాస్కర్:
నేను మొదట చెప్పింది కూడా అదే కదండీ, బీట్‌రూట్‌తో రక్తం పడుతుందని.

ల్యాబ్ అక్క:
భాస్కర్ గారూ, నైట్రేట్ గురించి మీరు రాసింది కరెక్టే. రక్తం పడుతుందన్నది కాదు. ఆ ఎరుపు బీటాలైన్ అనే రంగు పదార్థం, ఐరన్ కాదు. బీట్‌రూట్‌లో ఐరన్ చాలా కొంచెమే. తినేవాళ్ళైతే కాలేయం, మటన్ తినాలి. ఆకుకూర, పప్పు తింటే మీద నిమ్మకాయ పిండుకోవాలి. అన్నం తినగానే టీ తాగే అలవాటు ఉంటే గంటా గంటన్నర వెనక్కి జరపాలి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మా ల్యాబ్‌కి వచ్చే పిల్లల్లో ఈ టీ అలవాటు అడిగితే నూటికి ఎక్కువమంది అవుననే అంటారు.

వరంగల్ వాలంటీర్:
అక్కా, మీరు చెప్పేది అర్థమైంది, కానీ ఇది చదివి పిల్లలు రక్తం ఇవ్వడం మానేస్తే కష్టం. తలసీమియా పిల్లలకి నెల నెలా రక్తం ఎక్కించాలి. ఎండాకాలంలో బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగే తల్లిదండ్రుల్ని నేను కళ్ళారా చూస్తుంటా. ఈ తమ్ముడు చేసింది చాలా మంచి పని.

ల్యాబ్ అక్క:
మానేయమని ఎవరన్నారు? ఈవెంట్స్ దగ్గరపడినప్పుడు కాకుండా, అయిపోయాక ఇవ్వమంటున్నా. నేనూ ఇస్తాను.

ట్రాక్ మాస్టారు:
రక్తం సంగతి ఒప్పుకుంటా. కానీ అంతా దాని మీద తోసేయొద్దు. 7:30 నుంచి 7:50కి జారడం రక్తం వల్ల కావచ్చు. 7:30 దగ్గరే ఆగిపోవడం మాత్రం పేస్ వల్ల, రోజూ రెండు పూటలా ఫుల్ స్పీడ్ వల్ల. ఒళ్ళు కోలుకునే టైమే ఇవ్వట్లేదు.

ఫిజియో కరీంనగర్:
మాస్టారి మాట నిజం. ఈ రెండు మూడు వారాలు టైమ్ ట్రయల్ అసలు పెట్టుకోకు. వారానికి నాలుగు రోజులు మాట్లాడగలిగే పరుగు, వీలైతే మట్టి ట్రాక్ మీద. రక్తం నిండాక ఒక రోజు 400 మీటర్లు 1:46 చొప్పున ఐదారు సార్లు, మధ్యలో రెండు నిమిషాలు నిదానంగా జాగింగ్. ఒక రోజు పూర్తి రెస్ట్. సాయంత్రం పూట మానెయ్. పౌడర్ డబ్బులు సీబీపీకి పెట్టు, ఇంకా మిగులుతాయి. ఆ డబ్బాల్లో చాలావాటిలో కెఫీన్ దట్టంగా ఉంటుంది, పొద్దున్నే ఖాళీ కడుపున తాగితే గుండె దడ వస్తుంది.

హైదరాబాద్ సైక్లిస్ట్:
వారానికి ఒక రోజు సైకిల్ కూడా చేర్చండి. మోకాళ్ళ మీద దెబ్బ తక్కువ, గుండెకి ట్రైనింగ్ అదే.

ట్రాక్ మాస్టారు:
ఈవెంట్ పరుగు. పరుగే చెయ్యాలి.

హైదరాబాద్ సైక్లిస్ట్:
గుండెకీ ప్లాస్మాకీ పరుగైనా సైకిలైనా దాదాపు ఒకటే అండీ. కేశనాళికలు మాత్రం పనిచేసిన కండరంలోనే పెరుగుతాయి, అది ఒప్పుకుంటా. అందుకే ఒక్క రోజే అన్నాను.

నల్గొండ కుర్రోడు:
సరే అన్నా. రేపు సీబీపీకి వెళ్తున్నా. థ్యాంక్స్ అందరికీ. పౌడర్ కొనట్లేదు.

సిద్దిపేట అమ్మాయి:
అక్కా, నాకు 800 మీటర్లు 5:20లో రావాలి, 5:45 దగ్గరే ఆగిపోతున్నా. రక్తం ఎప్పుడూ ఇవ్వలేదు. నాకూ ఇదే ప్లాన్ పనికొస్తుందా?

ల్యాబ్ అక్క:
నువ్వు ముందు సీబీపీ చేయించమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, మగవాళ్ళలో 25 శాతం. రక్తం ఇవ్వకపోయినా నెలసరిలో ప్రతి నెలా ఐరన్ పోతుంటుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ వస్తే డాక్టర్‌ని కలువు.

ట్రాక్ మాస్టారు:
రెండు రౌండ్ల టైమ్ విడివిడిగా రాయమ్మా.

సిద్దిపేట అమ్మాయి:
విడిగా ఎప్పుడూ చూసుకోలేదు సార్. రేపు చూసి పెడతా.