పాల బండి వేడెక్కగానే ఆగిపోతోంది. బోరు పనేనా, ఇంకేమైనా ఉందా?

కంకిపాడు_పాలబండి
అందరికీ నమస్కారం. మా నాన్న పాల బండి గురించి అడుగుతున్నా. 2009 మోడల్, 70 సీసీ టూ-స్ట్రోక్ మోపెడ్. పొద్దున్నే రెండు 20 లీటర్ల క్యాన్లు కట్టుకుని బెజవాడ వైపు వెళ్తారు. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. ఆరేడు కిలోమీటర్లు బాగానే పోయి, మిస్సింగ్ మొదలై, ఎంత రేజ్ ఇచ్చినా లాగక ఆగిపోతుంది. పావుగంట నీడన పెట్టి కొడితే మళ్లీ మామూలే. ప్లగ్గు మార్చాం, దానికి కరెంటిచ్చే హెచ్‌టీ కాయిల్ మార్చాం, కార్బొరేటర్ రెండుసార్లు విప్పి కడిగాను. ట్యాంకు నిండా పోయించిన రోజు మరీ తొందరగా ఆగుతోంది, రిజర్వ్‌లో పడ్డాక ఆగకుండా ఇంటికొచ్చిన రోజులున్నాయి. పెట్రోల్లో ఆయిల్ లీటరుకి 40 మి.లీ. కలుపుతాం. మెకానిక్ ఏమో బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) పోయింది, పిస్టన్ కిట్టు వేయాలి, 4,500 అవుతుంది అంటున్నాడు. ఎలాగూ ఇంజను విప్పుతారు కాబట్టి కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే జెట్టు పెద్దది వేయించి పికప్ పెంచుకోవచ్చా? టైం దాటితే కేంద్రంలో పాలు తీసుకోరు. ఈ నెల్లో నాన్న రెండుసార్లు పాలు వెనక్కి తెచ్చారు. కాస్త చెప్పండి.

వరంగల్_2టీ
లీటరుకు 40 మి.లీ.నా? గదే నీ బండి రోగం అన్నా. 40 అంటే 1:25 అయితది. ఇప్పుడొచ్చే 2టీ (టూ-స్ట్రోక్) ఆయిల్ 20 మి.లీ. పోస్తె సాలు, 1:50. నువ్వు డబుల్ పోస్తున్నవ్. ప్లగ్గు నల్లగ తడిసి ఉంటది, సైలెన్సర్ల మసి గడ్డకట్టి ఉంటది, వేడెక్కినంక పొగ బయటికి పోక ఆగిపోతది. నా బండి 11 ఏండ్ల సంది 20 మీదనే నడుస్తున్నది. ఒక్కపారి గూడ బోరు ముట్టలే.

బోరింగ్‌మాస్టర్
గుంటూరులో 28 ఏళ్లుగా లేత్ మీద బోర్లు కొడుతున్నాను. 20 మి.లీ. మాట వినీ వినీ విసుగొచ్చింది. ఆ లెక్క ఒక్క మనిషి ఎక్కి ఊళ్లో తిరిగే బండికి. 40 లీటర్ల పాలంటే నలభై కిలోల పైమాట, క్యాన్ల బరువు వేరే, మనిషి బరువు వేరే. మే నెల ఎండలో ఆ లోడుతో 20 మి.లీ. మీద నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. నా దగ్గరికొచ్చే పిస్టన్లలో సైలెన్సర్ వైపు గీతలు పడినవే ఎక్కువ. వేడంతా అటే పోతుంది కాబట్టి అక్కడే ముందు ఆయిల్ ఆరిపోతుంది. బాబూ, నీ నాన్నగారు పోసేది సరిగ్గానే పోస్తున్నారు, తగ్గించొద్దు.

వరంగల్_2టీ
మాస్టర్ గారూ, మీ అనుభవానికి దండం. కానీ ఒక్క లెక్క జూడుండ్రి. జెట్టు రంధ్రం అంతే ఉంటది. దాంట్లకెల్లి పొయ్యే దాంట్ల ఆయిల్ ఎక్కువైతె పెట్రోలు తక్కువైతది. పెట్రోలు తక్కువైతె గాలి-పెట్రోలు మిక్చర్ లీన్ అయితది, ఇంజను ఇంకింత వేడెక్కుతది. వేడి తగ్గాలని పోసిన ఆయిలే వేడి పెంచుతది. మీరు చెప్పేది పాత మినరల్ ఆయిల్ కాలం ముచ్చట. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని రాసి ఉంటది, మసి తక్కువొచ్చే ఆయిల్ అది. చదువుకోవాలె.

బోరింగ్‌మాస్టర్
డబ్బా మీద రాత నేనూ చదివాను. లీటరులో 20 మి.లీ. తేడా అంటే రెండు శాతం. దాంతో మిక్చర్ ఎంత లీన్ అవుతుందో, ఆయిల్ పొర సగమైతే పిస్టన్ ఎంత నలుగుతుందో మీరే చెప్పండి. నేను చేత్తో పట్టుకున్న పిస్టన్లు మీరు చూసి ఉండరు. కుర్రాడి నాన్నగారికి పాలు కేంద్రానికి చేరడం ముఖ్యం. మీ 11 ఏళ్ల బండి మీద ఏనాడైనా రెండు క్యాన్లు కట్టారా?

వరంగల్_2టీ
కట్టిన. రెండు బియ్యం బస్తాలు ఏసుకొని హన్మకొండ నుంచి ఊరికి పోయిన, ఒక్కపారి కాదు. మీరు లేత్ మీద జూసేటియన్నీ పాడైన ఇంజన్లే. మంచిగున్నోళ్లు మీ దుకాణంకు ఎందుకొస్తరు?

మల్లెపూలు_ఏలూరు
తమ్ముడూ, ట్యాంకు నిండుగా ఉన్న రోజే తొందరగా ఆగుతోందన్నావు కదా. పెట్రోలు ట్యాంకు మూతకి గాలి రంధ్రం ఉంటుంది, అది చూశావా? ఈసారి ఆగినప్పుడు ఇంకేమీ ముట్టుకోకుండా ముందు మూత తిప్పి చూడు.

సీమ_చేను
మాది అనంతపురం పక్క. ఆయిలు గొడవ నాకు తెలీదు గానీ ఇంజను వేడెక్కేది మాత్రం శానా బాగా తెలుసు. వేరుశనగలో గుంటక (కలుపు తీసే పనిముట్టు) తోలేదానికి పాత మోపెడ్ ఇంజను తీసుకుని చిన్న బండి చేసుకున్యా. ముందర ఒక చక్రం, వెనక గుంటక, పట్టుకునేదానికి సైకిలు హ్యాండిలు. రెండు సాళ్లు తిరిగేలోపే ఇంజను కాలిపోతాండె, మూడోనాడు పిస్టన్ పట్టేసింది. మోపెడ్ ఇంజనుకు ఫ్యాను ఉండదు, బండి పోతాంటే తగిలే గాలే దానికి చలువ. మనిషి నడక మీద పోతే గాలి యాడిది?

తర్వాత చేతక్ స్కూటర్ ఇంజను వేసినా. దానికి మ్యాగ్నెట్ చక్రం మీదనే ఫ్యాను రెక్కలుంటాయి, చుట్టూ రేకు తొడుగు ఆ గాలిని నేరుగా బోరు మీదికి మళ్లిస్తుంది. బండి నిలబడినా గాలి కొడతానే ఉంటుంది. రేకు తీసేసి మాత్రం నడపొద్దు, ఫ్యాను తిరిగినా లాభం లేదు. పోయిన మూడు పైర్లు దాంతోనే తోలినా. ఎద్దులు అమ్ముకున్నాక నాకు సేద్యం నిలబెట్టింది ఆ ఇంజనే.

జగిత్యాల_రైడర్
సీమ అన్నా, మస్తు పని చేసినవ్! చైన్ స్ప్రాకెట్లు ఎన్ని పండ్లవి పెట్టినవ్? ఫోటోలు పెట్టు.

సీమ_చేను
ముందుది దొరికిన వాటిలో అన్నిటికన్నా చిన్నది, వెనకది పాత మోటార్ సైకిల్‌ది పెద్దది. ఎప్పుడూ ఫస్టు గేరే. పండ్ల లెక్క రేప్పొద్దున చేనికి పోయి ఎంచి చెప్తా.

గోదారోడు
నేను సైలెన్సర్ గురించి చెప్తానండి, ఎందుకంటే నా చేతులారా పాడుచేసుకున్నాను. మసి పోవాలని కాస్టిక్ సోడా నీళ్లు పోస్తారు కదండి, పని బాగానే చేస్తుంది. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, అందులో సోడా కొంచెం కొంచెంగా వెయ్యాలి. సోడా మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగి మొహాన పడుతుందండి. ఒక రాత్రి ఉంచి పొద్దున్నే కడిగితే నల్లటి ముద్దలన్నీ ఊడొస్తాయి. అంత బాగా వచ్చింది కదా అని హెడ్డు కూడా అందులోనే వేసేశానండి. హెడ్డు అల్యూమినియం. గంటలో రెక్కలన్నీ గుల్లబారిపోయాయి, ప్లగ్గు మర కూడా నిలవలేదు. సోడా ఇనప సైలెన్సర్‌కే, అల్యూమినియం ఏదీ దాని దగ్గరికి రానివ్వకండి. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు లేకుండా ముట్టుకోకండి.

ఇంకో మాటండి. సైలెన్సర్ లోపలి గొట్టానికి బెజ్జాలు పెట్టించుకుంటే స్పీడు పెరుగుతుందని మా వీధి కుర్రాళ్లు చేయించుకున్నారు. సౌండు పెరిగింది, పికప్ పోయింది. టూ-స్ట్రోక్‌లో బయటికి పోయే పొగ కొంత వెనక్కి తోసుకొచ్చి, బోరులోకి వచ్చిన పచ్చి మిక్చర్ జారిపోకుండా ఆపుతుంది. ఆ దారి చెడగొడితే పెట్రోలు ఊరికే బయటికి పోతుందండి.

జగిత్యాల_రైడర్
పికప్ కావాల్నంటే పోర్టు, అంటే బోరుకున్న రంధ్రం, రాపియ్యాలె. ఎగ్జాస్ట్ పోర్టు (పొగ పొయ్యేది) పైకి ఒక మిల్లీమీటర్ రాకితే బండి మీద మీద ఉరుకుతది. నేను చేయించుకున్న, లైన్ల నిలబడ్డోళ్లందర్నీ దాటిపోయేది.

బోరింగ్‌మాస్టర్
ఎన్నాళ్లు నడిచింది నాన్నా?

జగిత్యాల_రైడర్
నాలుగు నెలలు. పోర్టు పక్కలకు గూడ వెడల్పు చేసిండ్రు. రింగు అండ్ల ఇరుక్కొని ఇరిగింది, బోరంతా గీసుకపోయింది. నిజంగనే బాధైంది, మా అన్న బండి అది.

బోరింగ్‌మాస్టర్
చెప్పినందుకు సంతోషం, ఇది దాచుకునే విషయం కాదు. రింగు పోర్టు ముందు నుంచి పోయేటప్పుడు కొంచెం బయటికి ఉబుకుతుంది. పోర్టు మరీ వెడల్పైతే, అంచులు మొండిగా వదిలేస్తే అక్కడ తట్టుకుంటుంది. రాకినచోట అంచు నున్నగా వాల్చాలి, సగం మంది ఆ పని చేయరు. పైగా పోర్టు పైకి తీస్తే ఎక్కువ రేజ్‌లో మాత్రమే లాగుతుంది, కింద లాగుడు పోతుంది. పాల క్యాన్ల బండికి కావలసింది కింద లాగుడే. ఆ కుర్రాడు జెట్టు సంగతి అడిగాడు. గాలి అంతే ఉండి జెట్టు ఒక్కటే పెద్దదైతే పెట్రోలు ఎక్కువ తాగి ప్లగ్గు నల్లబడుతుంది, అంతకుమించి లాభం లేదు. కంపెనీ జెట్టే ఉంచండి.

ఆర్సీ_చూడండి
పోర్టులు, వేరే ఇంజన్లు అని సులువుగా చెప్పేస్తున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది అదే. చేలో వాడుకునే గుంటక సంగతి వేరు. రోడ్డు మీద నాన్నగారిని పంపే బండి మీద ప్రయోగాలు చేయకండి.

పాత_చేతక్
లూనా, చేతక్ రెండూ 1972లో వచ్చాయి, టీవీఎస్ 50 1980లో. మూడూ మా ఇంట్లో తిరిగాయి. చేతక్ పొద్దున్నే స్టార్ట్ కాకపోతే మా నాన్నగారు బండిని పక్కకి వంచి, ఒక నిమిషం ఆగి కిక్కు కొట్టేవారు. వంచినప్పుడు కార్బొరేటర్లోని ఫ్లోట్ గిన్నె నిండి పెట్రోలు పొర్లుతుంది, అది చోక్‌లా పనిచేస్తుంది.

పాత బండ్లున్న వాళ్లకి ఇప్పుడు నా అసలు బెంగ ఇథనాల్. 20 శాతం కలిపిన పెట్రోలు 2023లో మొదలైంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు దానికి ఉబ్బుతాయి. అంతకన్నా పెద్ద సమస్య నీళ్లు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మోతాదు మించితే ఇథనాలూ నీళ్లూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. 2టీ ఆయిల్ పైన ఉన్న పెట్రోల్లోనే ఉండిపోతుంది. కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) లాగేది అడుగు నుంచి కదా, ఆయిల్ లేని నీళ్లు ఇంజనులోకి పోతాయి. వానాకాలం బండి ఆరుబయట పెట్టేవాళ్లు నెలకోసారి కార్బొరేటర్ గిన్నె స్క్రూ విప్పి గాజు సీసాలో పట్టి చూడండి.

వరంగల్_2టీ
ఇది మంచి మాట. కానీ 40 మి.లీ. సంగతి ఇంక తేలలే.

మల్లెపూలు_ఏలూరు
నేను చెప్పింది ఎవరూ చదివినట్టు లేరు, అందుకే మళ్లీ రాస్తున్నాను. తెల్లారుజామున మూడింటికి పూల మార్కెట్‌కి మోపెడ్ మీదే వెళ్తాను, పదహారేళ్ల నుంచి. దారిలో ఆగితే చూసే దిక్కుండదు కాబట్టి అన్నీ నేనే నేర్చుకున్నాను.

పెట్రోలు కిందికి దిగాలంటే ఆ జాగాలోకి పైనుంచి గాలి రావాలి. మూత రంధ్రం పూడుకుపోతే ట్యాంకు లోపల వెలితి ఏర్పడి పెట్రోలు దిగడం ఆగుతుంది. పావుగంట ఆపితే సందుల్లోంచి మెల్లగా గాలి చేరి మళ్లీ దిగుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పైన గాలి కొంచెమే ఉంటుంది, నాలుగు గుక్కలు దిగేసరికే వెలితి వచ్చేస్తుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే చాలాసేపు నడుస్తుంది. తమ్ముడు చెప్పింది అచ్చం ఇదే. బోరు పోయిన బండికి ట్యాంకులో పెట్రోలు ఎంతుందో ఏం తెలుస్తుంది?

ఆగిన వెంటనే ప్లగ్గు విప్పి చూడు. తడిగా ఉంటే కరెంటు రావడం లేదు, పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. అది తేలకుండా 4,500 ఎవరి చేతిలోనూ పెట్టకు.

బోరింగ్‌మాస్టర్
అమ్మా, మీరు చెప్పింది సబబు. నిండు ట్యాంకు మాట నేను చదివి కూడా వదిలేశాను, తప్పు నాది. బాబూ, ముందు అదే చూడు.

గోదారోడు
మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీలు పోయినా ఇలాగే వేడెక్కి ఆగుతుందండి. అటునుంచి గాలి లాగేస్తుంది. అప్పుడైతే రేజ్ వదిలినా ఇంజను స్పీడు వెంటనే దిగదు. అదీ ఒకసారి గమనించండి.

కంకిపాడు_పాలబండి
ఆలస్యానికి క్షమించండి, పరీక్షించాకే రాద్దామని ఆగాను.

ఆదివారం నిండా పోయించి నేనే వెనకాల మోటార్ సైకిల్ మీద వెళ్లాను. నాలుగు కిలోమీటర్లకే ఆగింది. ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది. మూత తిప్పగానే బుస్సున గాలి లోపలికి లాక్కుంది. మూత వదులుగా పెట్టి కొడితే ఒక్క కిక్కుకే స్టార్ట్.

ఇంటికొచ్చి మూత లోపలివైపు చూస్తే రంధ్రం నిండా ఎంసీల్ (గట్టిపడే సీలు ముద్ద) ఉంది. నాన్నని అడిగాను. రెండు నెలల కిందట వానలప్పుడు, ఇప్పటి పెట్రోల్లో నీళ్లు పడితే ఇంజను పోతుందని ఎవరో చెబితే భయపడి ఆయనే పూడ్చారట. బండి ఆగడం కూడా అప్పట్నుంచే. ఆ రెండూ ఒకటేనని ఆయనకి తోచలేదు, నేనూ ఆయన్ని ఏమీ అడగకుండా కాయిల్ మార్చేశాను.

సూదితో గీకి రంధ్రం తెరిచాను. ఈ రోజుకి తొమ్మిది రోజులు, ఒక్కసారి కూడా ఆగలేదు. బోరు విప్పించలేదు, జెట్టూ మార్పించలేదు. పాలు వెనక్కి రాలేదు. ఏలూరు అక్కకి మా ఇంట్లో అందరం నమస్కారం చెబుతున్నాం. అక్కా, ఒకటే అనుమానం. రంధ్రం తెరిచాం, మరి వానొస్తే నీళ్లు?

వరంగల్_2టీ
సంతోషం అన్నా. ఆయిల్ ఇప్పుడు ఎంత పోస్తున్నరు?

కంకిపాడు_పాలబండి
నాన్న 40 దగ్గర్నుంచి కదలనంటున్నారు అన్నా. 30కి అయినా ఒప్పిద్దామని చూస్తున్నాను.

బోరింగ్‌మాస్టర్
ఒప్పించొద్దు.

మల్లెపూలు_ఏలూరు
తమ్ముడూ, బండి నడిచేటప్పుడు ఆ సన్న రంధ్రంలోంచి పడే నీళ్లు లెక్కలోకి రావు. రాత్రంతా వానలో నిలబడితేనే దిగుతాయి. మూత కింద రబ్బరు వాషరు గట్టిపడితే అటునుంచీ దిగుతాయి, అది మార్చు, పది ఇరవై రూపాయలే. మేం అయితే బండి ఆపగానే మూత మీద పాత స్టీలు గిన్నె బోర్లించి, ఎగిరిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో కడతాం. పొద్దున్నే బయల్దేరేటప్పుడు గిన్నె తీయడం మర్చిపోవద్దని నాన్నగారికి చెప్పు.