పరిణామమా, పరిణతా?

ప్రశ్న: అమెరికన్ పాప్ గాయని మడోన్నా 1990లో తెచ్చిన హిట్ల సంకలనం ‘ది ఇమ్మాక్యులేట్ కలెక్షన్’ గురించి రాస్తూ "ఆమె కళాత్మక పరిణామానికి ఇది అద్దం పడుతుంది" అన్నాను. చదివిన మిత్రుడు ‘పరిణతి’ అని దిద్దాడు. రెండూ ఒకటే కాదా అండీ? ఏది ఉంచమంటారు?

జవాబు: మూలం ఒకటే. పరి ఉపసర్గ, నమ్ ధాతువు. వాడుకలో మాత్రం ఎప్పుడో వేరు పడ్డాయి. పరిణామం అంటే మారడం, అంతే. ఆ మార్పు మంచికో చెడుకో ఆ మాట చెప్పదు. జీవ పరిణామం అంటాం, "పరిణామాలు తీవ్రంగా ఉంటాయి" అని బెదిరిస్తాం కూడా. పరిణతిలో పండటం ఉంది, అంటే మీ తీర్పు ఉంది. ఆ తీర్పుకు పాటలు సాక్ష్యం చెప్పాలి.

చెబుతాయా అంటే, చెబుతాయనే నా లెక్క. మొత్తం 17 పాటలు, దాదాపు వచ్చిన వరుసలోనే ఉంటాయి. మొదటిది 1983 నాటి ‘హాలిడే’. గొంతు సన్నం, పైస్థాయి, హుషారే పెట్టుబడి. ఇంకొన్ని పాటలు దాటితే 1986 నాటి ‘లివ్ టు టెల్’. గొంతు కిందికి దిగింది, తొందర పోయింది. మధ్యలో వాద్యాలన్నీ సద్దుమణిగి ఒక్క మంద్ర స్వరమే మిగిలే చోటు ఉంది చూడండి, తర్వాత ఆమె మళ్లీ మెల్లగా అందుకుంటుంది. మూడేళ్ల కిందటి గాయనికి ఆ నిదానం లేదు. దాన్ని పరిణతి అనడానికి నాకేం మొహమాటం లేదు.

మరొకరు: అక్కడే నాకు పేచీ ఉంది మాస్టారూ. హిట్ల సంకలనమంటే ఆడిన పాటలను ఏరిన మూట. అందులో ఎదుగుదల వెతకడం సబబేనా? పైగా ఈ ఆల్బమ్‌కి పాత పాటలన్నిటినీ, శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు వినిపించే క్యూసౌండ్ అనే పద్ధతిలో మళ్లీ మిక్స్ చేశారు, కొన్నిటిని కురచ చేశారు. అంటే పాత పాటకు 1990 నాటి మెరుగు అద్దారు. వయసు తేడా వినాలంటే అసలు ఆల్బమ్‌లే వినాలి.

జవాబు: మిక్సింగ్ సంగతి ఒప్పుకుంటాను. అయితే ఆడినవన్నీ ఏరలేదండీ. 1987లో అమెరికాలో నంబర్ వన్ అయిన ‘హూజ్ దట్ గర్ల్’కే ఇందులో చోటు లేదు! చివర రెండు కొత్త పాటలూ చేర్చారు. ‘జస్టిఫై మై లవ్’లో ఆమె పాడటం కంటే గుసగుసగా మాట్లాడటమే ఎక్కువ. అది పరిణతి అనను, సాహసం అంటాను. ‘వోగ్’ నాటికి డాన్స్ పాటలో ఆరితేరింది, అది నైపుణ్యం. పరిణతి అని నొక్కి చెప్పాలంటే ‘లివ్ టు టెల్’, బృందగానం తోడైన ‘లైక్ ఎ ప్రేయర్’ చాలు.

కాబట్టి సంకలనం మొత్తానికి ‘పరిణామం’ ఉంచండి, ఆ రెండు పాటల దగ్గర ‘పరిణతి’ వాడండి. నాకు అసలు అభ్యంతరం ‘కళాత్మక’ మీద. కళాత్మకమైన ముగ్గు ఉంటుంది, మారింది మాత్రం మనిషి. "గాయనిగా ఆమె ఎలా మారిందో" అంటే సరిపోయేదానికి అంత బరువెందుకు? ‘అద్దం పడుతుంది’ కూడా పత్రికల్లో అరిగిపోయింది.