సాక్షి హాజరైనా వాయిదా వేయవచ్చా?

ప్రశ్న (మలక్‌పేట):
దొంగతనం కేసులో సాక్షిగా సమన్లు అందుకొని, దుకాణం మూసి, నగరంలోని ఒక క్రిమినల్ కోర్టుకు మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నిందితుడు రాలేదు. రెండోసారి అతని న్యాయవాది గడువు కోరారు. మూడోసారి సాయంత్రం నాలుగింటి దాకా వరండాలో నిలబడ్డాక మరో తేదీ చెప్పి పంపారు. చట్టం దీన్ని ఒప్పుకుంటుందా?

జవాబు 1 (న్యాయవాది):
సాధారణంగా ఒప్పుకోదండి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన, క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 346వ సెక్షన్ ప్రకారం, సాక్షి హాజరై ఉండగా అతన్ని విచారించకుండా వాయిదా వేయాలంటే న్యాయమూర్తి ప్రత్యేక కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. న్యాయవాది వేరే కోర్టులో ఉన్నారన్నది చెల్లే కారణం కాదు. దానికి ముందున్న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 309వ సెక్షన్‌లోనూ ఈ మాటే ఉండేది గనుక, లోపం చట్టంలో కంటే అమలులోనే ఎక్కువగా ఉంది. ప్రయాణ ఖర్చులకు కొత్త సంహిత 350వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోండి. ఆ సంగతి చాలామంది సాక్షులకు ఎవరూ చెప్పరు.

జవాబు 2 (విశ్రాంత కోర్టు ఉద్యోగి):
అసలు చిక్కు కోర్టు రోజువారీ కేసుల జాబితాలో ఉంది. బెయిలు పిటిషన్లు, హాజరు పిలుపులు, సాక్ష్యాలు అన్నీ ఒకే ఉదయానికి వేస్తే, పిలుపులతోనే మధ్యాహ్నమవుతుంది. సాక్ష్యాలకు విడిగా గంటలు కేటాయించి, వాయిదా ఖాయమైతే ముందురోజే సాక్షికి కబురు పంపవచ్చు.

జవాబు 3:
ఫోరెన్సిక్ నివేదిక రాని కేసులో ఎన్ని గంటలు కేటాయించినా ఏం లాభమండి?