గిటార్‌తో హిందోళం: రాగం నిలిచిందా, పోయిందా?

మూడులాంతర్లు:
మొన్న ఆదివారం మా విజయనగరంలో ఓ చిన్న హాల్లో మన కుర్రాడొకడు ఎలక్ట్రిక్ గిటార్ మీద హిందోళం వాయించాడు. వెనక బేస్, డ్రమ్స్, పక్కన మన జానపదుల తీగ వాయిద్యం జముకు. జాజ్ ఫ్యూజన్ అన్నాడు. ముందు వరసలో పెద్దాయన ఒకరు "సంగీతమా, కలగూరగంపా" అంటూ సగంలో లేచిపోయారు. నాకైతే ఒళ్ళు పులకరించింది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో ఇంత పట్టింపా?

కోటగుమ్మం:
ఆయనతో పాటు లేచొచ్చింది నేనే. కోపం గిటార్ మీద కాదండీ. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊళ్ళో పరాయి వాయిద్యం అని ఎవరంటారు? వయొలిన్ మాత్రం ఐరోపా నుంచి రాలేదూ! చిక్కంతా, మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగించే కార్డ్స్‌తో. హిందోళంలో పంచమం (ప) ఉండదు. కింద బేస్ మధ్యమం (మ) పట్టుకుని, గిటార్ దానిమీద మైనర్ కార్డ్ వేసిందా, చెవి ఆ మధ్యమాన్నే షడ్జమం (రాగానికి ఆధారమైన స) అనుకుంటుంది. అవే స్వరాలు శుద్ధ ధన్యాసి అనే వేరే రాగం అయి కూర్చుంటాయి. కుర్రాడు హిందోళం అని చెప్పి ఆ పని నాలుగుసార్లు చేశాడు.

నాగావళి:
అలా షడ్జమం మార్చి వేరే రాగం పలికించడం గ్రహభేదమే కదా గురువుగారూ. మన విద్వాంసులు చేస్తే చప్పట్లు కొడతాం.

కోటగుమ్మం:
వాళ్ళు వెళ్ళినట్టే వెళ్ళి ఇంటికొస్తారు. ఇతను దారి తప్పాడు.

నాగావళి:
జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారిస్టు 1970ల్లో 'శక్తి' బృందం పెట్టినప్పుడు డ్రమ్స్ జోలికి పోలేదు. ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. గిటార్‌కి అడ్డంగా ఏడు శ్రుతి తీగలు వేయించుకున్నాడు. గమకం (స్వరాన్ని ఊపి, వంచి పలికించడం) పలకడానికి మెట్ల మధ్య చెక్క లోతుగా చెక్కించాడు. తర్వాత మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఆయనతో వాయించలేదా?

కోటగుమ్మం:
మెక్‌లాఫ్లిన్ ఎస్.రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు, అదీ రాయండి.

పలాసజీడి:
మీ హిందోళం గొడవ సరే, జముకు ఎవరికైనా వినబడిందా? మా శ్రీకాకుళం వైపు జముకుల కథలో తీగ బిగించి వదులుతుంటే ఆ 'గుమ్' సాగి, వంగి, మనిషి మూలిగినట్టు వస్తుంది. మీరనే గమకం అదే కదా, ఆ వాయిద్యానికి పుట్టుకతోనే ఉంది. అలాంటిదాన్ని తెచ్చి డ్రమ్స్ పక్కన కూర్చోబెట్టారు. పోస్టర్‌లో మా జముకు పెద్దగానే ఉంది లెండి. ఫ్యూజన్ అంటే నాకు మంట అందుకే.

మూడులాంతర్లు:
పూర్తిగా అలా అనకండి. చివర్లో అందరూ ఆపేసి, గిటార్ ఒక్క షడ్జమం పట్టుకుంటే, జముకు మూడు నిమిషాలు ఒంటరిగా పలికింది. ఫోన్‌లో రికార్డు చేశాను.

కోటగుమ్మం:
అప్పటికి మేం బండి తీసేశాం. పెట్టండి, వింటాను. కార్డ్స్ లేనిచోటే బాగుందని అంటే మాత్రం నామీదికి రాకండి.